టెక్ సందేహాలు: ఫోన్‌కి లాక్ ఉంది సరే, సిమ్‌కో?

యూరప్ టూర్ల సీజన్ వస్తే చాలు, నాకు ఒకే రకం ఉత్తరాలు. ఈసారి మూడు ఏథెన్స్ గురించే. మొదటిది విజయవాడ నుంచి ఒక గృహిణి రాశారు: "నేషనల్ ఆర్కియలాజికల్ మ్యూజియం చూసి మెట్రో ఎక్కాం. దిగేసరికి మావారి జేబులో ఫోన్ లేదు. స్క్రీన్ లాక్ ఉంది కదా అని ధైర్యంగానే ఉన్నాం. రాత్రి మా ఆడపడుచుకి ఆయన వాట్సాప్ నుంచి డబ్బు పంపమని మెసేజ్ వచ్చింది. అన్నయ్య ఇంగ్లిష్‌లో ఎందుకు రాశాడని అనుమానం వచ్చి ఆవిడ పంపలేదు. లాక్ చేసిన ఫోన్‌ని ఎలా తెరిచారు?"

తెరిచి ఉండరండీ. ఆ అవసరమే లేదు. ట్రే లాగి, సిమ్ తీసి, వేరే ఫోన్‌లో వేసుకుంటే సరిపోతుంది. వాట్సాప్ అడిగే కోడ్ నేరుగా ఆ ఫోన్‌కే వస్తుంది. మీ వేలిముద్ర, మీ ముఖం, మీ ఆరంకెల పిన్, ఇవన్నీ ఫోన్‌కి కాపలా. సిమ్‌కి కాపలా ఎవరూ లేరు. మనవాళ్ల విషయంలో ఇది మరీ ప్రమాదం. బ్యాంకు ఓటీపీల కోసం రోమింగ్‌లో ఇండియా సిమ్‌ని బతికించుకుంటాం, అదే సిమ్‌ని వెనక జేబులో పెట్టుకుని రద్దీ రైలెక్కుతాం.

దీనికి మందు సిమ్ పిన్. ఫోన్ ఆఫ్ చేసి ఆన్ చేసినా, సిమ్‌ని ఇంకో ఫోన్‌లో వేసినా ఆ పిన్ కొట్టందే నెట్‌వర్క్ రాదు. సిమ్‌లతో నడిచే జీఎస్ఎమ్ మొబైల్ వ్యవస్థ పుట్టినప్పటి నుంచీ ఉన్న సదుపాయం ఇది. అయినా ఫోన్ తయారుచేసేవాళ్లు దీన్ని సెట్టింగ్స్ అడుగున ఎక్కడో పాతిపెడతారు. వాల్‌పేపర్ మార్చుకోమని వారానికోసారి గుర్తుచేసే ఫోన్, సిమ్ పిన్ పెట్టుకోమని ఒక్కసారైనా చెప్పిందా? నాకైతే ఇంతవరకు చెప్పలేదు.

ఇది చదివి ఇప్పుడే సెట్టింగ్స్‌లోకి దూరబోయేవాళ్లు ఒక్క నిమిషం ఆగండి. మొదటిసారి పిన్ ఆన్ చేయాలంటే కంపెనీ ముందే పెట్టిన పాత పిన్ అడుగుతుంది. అదేమిటో కస్టమర్ కేర్‌నే అడగండి, ఊహించి కొట్టొద్దు. మూడుసార్లు తప్పితే సిమ్ లాకైపోయి, ఆ తాళం తీసే పీయూకే నంబరు అడుగుతుంది. అది పదిసార్లు తప్పితే ఆ సిమ్ ఇక చెత్తబుట్టకే. కాబట్టి ఈ పని ప్రయాణానికి రెండు వారాల ముందు, ఇంట్లో తీరిగ్గా కూర్చుని చేయాలి. ఫోన్ లోపలే ఉండే ఈ-సిమ్‌కి మారితే ఇంకా మంచిది, లాగి తీయడానికి అక్కడ ఏమీ ఉండదు. అదీ ముందుగానే. సిమ్ మార్చాక 24 గంటలు ఎస్ఎంఎస్‌లు రానివ్వరు, మన దగ్గర నిబంధన అది. విమానం ఎక్కే రోజు మార్చుకుని, ఓటీపీ రావట్లేదని ఎయిర్‌పోర్టులో టెన్షన్ పడ్డవాళ్ల ఉత్తరాలు నా దగ్గర బోలెడు. వాట్సాప్‌లో టూ స్టెప్ వెరిఫికేషన్, అంటే కోడ్‌తో పాటు మీ సొంత పిన్ కూడా అడిగే ఏర్పాటు, అదీ పెట్టుకోండి. లాక్ స్క్రీన్ మీద మెసేజ్‌లు కనపడకుండా చేయండి. లేకపోతే సిమ్ తీసే శ్రమ కూడా లేకుండా ఓటీపీని పైకి కనపడేలా మనమే పెట్టినట్టు.

ఫోన్ పోయాక ముందు సిమ్ బ్లాక్, తర్వాతే బ్యాంకు. ఇంట్లోవాళ్ల చేత ఇక్కడి నుంచి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించండి. ప్రభుత్వ పోర్టల్ సంచార్ సాథీలో ఐఎంఈఐ, అంటే ఫోన్ గుర్తింపు నంబరు, బ్లాక్ చేస్తే ఆ ఫోన్ మన దేశపు నెట్‌వర్కుల్లో పనిచేయదు, అంతే. ఏథెన్స్‌లో అది నిక్షేపంగా మోగుతుంది.

రెండో ఉత్తరం హైదరాబాద్ కుర్రాడిది. అదే మ్యూజియంలో ఒక కంచు విగ్రహానికి ఫోన్ చూపిస్తే యాప్ "పొసైడన్" (గ్రీకుల సముద్ర దేవుడు) అందట, చేతిలో ఉన్న గైడ్ పుస్తకంలో జియస్ (వాళ్ల దేవతల రాజు) అని ఉందట. యాప్ పాడైందా అని అడుగుతున్నాడు.

యాప్ బాగానే ఉంది బాబూ, దానికి ఉన్న ధీమాయే పాడు. ఆ విగ్రహం గ్రీసులోని ఆర్టెమిసియన్ దగ్గర సముద్రంలో దొరికింది. 1926లో ఒక చెయ్యి, 1928లో మిగతా ఒళ్లంతా. రెండు మీటర్ల పైన ఎత్తు, క్రీ.పూ. 460 ప్రాంతంలో పోత పోసింది. కాళ్లు ఎడంగా పెట్టి, ఎడమ చెయ్యి ముందుకు చాచి, కుడిచెయ్యి వెనక్కి లాగి ఏదో విసరబోతున్నాడు. ఆ విసిరే వస్తువే లేదు. పిడుగైతే జియస్, త్రిశూలమైతే పొసైడన్. త్రిశూలమైతే ముఖానికి అడ్డొస్తుంది కాబట్టి జియసే అన్నది ఒక వాదన. వేళ్లు ఖాళీగా మడిచిన ఆ కుడి గుప్పిట చూస్తే ఈ తగువంతా అర్థమవుతుంది. పండితులు దశాబ్దాలుగా వాదించుకుంటున్న సంగతిని ఫోన్ అరసెకనులో తేల్చేసింది. "రెండు అభిప్రాయాలున్నాయి" అనే ముక్క తెరమీద పట్టదా? మందుల పట్టీలకీ, పాములకీ కూడా జనం ఈ యాప్‌లే చూపిస్తున్నారు. నా భయం అదీ.

యాప్‌ల మాట వచ్చింది కాబట్టి ఇంకో మంట. ఆడియో గైడ్ అని డౌన్‌లోడ్ చేయిస్తారు, తెరిస్తే లాగిన్, లొకేషన్, కాంటాక్ట్స్ అడుగుతుంది. రాతి బొమ్మ గురించి వినడానికి మా మేనత్త నంబరు ఎందుకయ్యా? అదే మ్యూజియంలో యాంటికితెరా యంత్రం ఉంది, గ్రహణాలు ఎప్పుడొస్తాయో లెక్కగట్టే పాతకాలపు గ్రీకు యంత్రం. ఎప్పుడో మునిగిన ఓడలోంచి 1901లో పైకి తీసింది. ఇప్పుడు 82 ముక్కలు, వాటిలో కనీసం 30 పళ్ల చక్రాలు. అందులో ఒకదానికి 223 పళ్లు. 223 చాంద్రమాసాలకు, అంటే 18 ఏళ్ల 11 రోజులకు, గ్రహణాలు మళ్లీ అదే వరసలో వస్తాయి. పిడి తిప్పితే చాలు, లెక్క అదే నడిచేది. 2005లో ఎనిమిది టన్నుల ఎక్స్‌రే స్కానర్‌ని మ్యూజియానికే మోసుకొచ్చి లోపల దాగిన అక్షరాలు చదివారు. వాటిలో చాలావరకు యంత్రం గురించిన వివరణే, దాని ఒంటిమీదే చెక్కింది. రెండు వేల ఏళ్ల కిందటి గ్యాడ్జెట్ తన మాన్యువల్ తనే మోసుకుని తిరిగింది. ఏ పర్మిషనూ అడగలేదు.

మూడో ఉత్తరం చిన్నది. అద్దాల పెట్టెల్లోని వస్తువులు తీయడానికి ఏ ఫోన్ కొనాలని రాజమండ్రి నుంచి ఒక మాస్టారు అడిగారు. ఏదీ కొనొద్దండి. లెన్స్‌ని దాదాపు అద్దానికి ఆనేంత దగ్గరగా, కాస్త వాలుగా పట్టుకోండి. మీ చొక్కా ముదురు రంగుదైతే మెరుపు ఇంకా తగ్గుతుంది. ఫ్లాష్ మాత్రం ఆటోలో వదలకండి, ఆఫ్ చేయండి. ఆటోలో వదిలేస్తే చీకటి గదిలోకి వెళ్లగానే అదే వెలుగుతుంది, గార్డు మీ దగ్గరికే వస్తాడు.