ఆపరేషన్ అయ్యాక స్పృహ రాలేదు... సీటీ మాత్రం నార్మల్!

ప్రశ్న: మా నాన్నగారికి 61 ఏళ్లు. షుగర్ ఉంది. బైక్ మీంచి పడి తొడ ఎముక విరిగితే మర్నాడు మత్తిచ్చి రాడ్ వేశారు. నాలుగు రోజులైనా స్పృహ రాలేదు, వెంటిలేటర్ మీదే ఉన్నారు. తలకు సీటీ తీసి నార్మల్ అన్నారు. కారణం అడిగితే 'చూద్దాం' అంటున్నారు. చెయ్యి అందిస్తే మాత్రం గట్టిగా పట్టుకుంటున్నారు. ఆశ ఉందా?
– ఓ పాఠకురాలు

జవాబు: అమ్మా, సీటీ నార్మల్ అంటే పెద్ద రక్తస్రావం, వాపు కనబడలేదని మాత్రమే. కారణం ఇంకా వెతకాల్సే ఉంది.

ముందుగా ఒకటి అడగండి: వెంటిలేటర్ మీద ఉన్నందుకు ఇస్తున్న మత్తుమందులు ఎప్పుడు ఆపారు? స్పృహ రావడానికి ఎన్ని రోజులన్నది ఆ మందులు ఆపినప్పటి నుంచే లెక్క. క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్ష) పెరిగి ఉంటే మిడజోలం లాంటి మందులు ఆపాక కూడా రోజుల తరబడి ఒంట్లో నిలిచిపోతాయి. స్పృహ మీద ప్రభావం చూపే షుగర్, సోడియం, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ ఈపాటికే చూసి ఉంటారు.

మీ నాన్నగారి విషయంలో నాకు మొదట తట్టేది ఫ్యాట్ ఎంబాలిజం. తొడ ఎముక విరిగినప్పుడు మూలుగలోని కొవ్వు రక్తంలో కలిసి ఊపిరితిత్తుల్లో, మెదడులోని సన్నటి నాళాల్లో ఇరుక్కుంటుంది. మామూలుగా ఒకటి నుంచి మూడు రోజుల్లో బయటపడుతుంది. ఛాతీ మీద, చంకల్లో, కింది రెప్ప లాగి చూస్తే లోపల సన్నటి ఎర్రచుక్కలు కనిపించొచ్చు. అందరికీ రావు, వచ్చినా త్వరగానే మాసిపోతాయి. ఆపరేషన్‌కు ముందే ఆయన ఆయాసపడ్డారా, పొంతన లేకుండా మాట్లాడారా? గుర్తుంటే డాక్టర్లకు తప్పక చెప్పండి. ఇది సీటీలో చాలాసార్లు దొరకదు, ఎంఆర్ఐలో చుక్కలు చుక్కలుగా తెలుస్తుంది. రాడ్ ఉందని భయం వద్దు, ఇప్పుడు వేసే రాడ్లతో చాలావరకు ఎంఆర్ఐ తీయొచ్చు. దీనికి ప్రత్యేకమైన మందు లేదు. ఆక్సిజన్, బీపీ నిలబెడుతూ కాచుకోవడమే. వారాల తర్వాత కోలుకుని మాట్లాడినవాళ్లు ఉన్నారు.

ఇంకోటి ఈఈజీ, అంటే మెదడులోని విద్యుత్ తరంగాలను చూసే పరీక్ష. ఒళ్లు కొట్టుకోకుండానే మెదడులో ఫిట్స్ నడుస్తుంటే అందులోనే దొరుకుతుంది, మందులూ ఉన్నాయి. ఇక ఆపరేషన్లో బీపీ, ఆక్సిజన్ బాగా పడిపోయాయా, గుండె ఆగిందా అన్నది అనస్థీషియా చార్టులో ఉంటుంది. మెదడుకు ఆక్సిజన్ అందకపోయి ఉంటే మాత్రం పరిస్థితి వేరు. అప్పుడు కూడా ఒక్క పరీక్షతో తేల్చేయరు.

చెయ్యి పట్టుకోవడం గురించి: అరచేతిలో ఏది తగిలినా వేళ్లు వాటంతటవే ముడుచుకోవచ్చు. 'వదలండి నాన్నా' అంటే వదులుతున్నారా, రెండు వేళ్లు చూపమంటే చూపుతున్నారా చూడండి. ఒక్కసారైనా చేస్తే నర్సుకు చెప్పి రాయించండి.

న్యూరాలజిస్టు ఇంతవరకు చూడకపోతే ఇవాళే పిలిపించమనండి. వేరే డాక్టరుకు చూపించాలంటే కేస్‌షీటు కాపీ రాతపూర్వకంగా అడగండి. అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని వైద్యుల ప్రవర్తనా నియమావళి (2002) చెబుతోంది.