రాత్రంతా ఆక్సిజన్ పడుతూ లేస్తూ ఉంటే ఒంటికి ఏమవుతుంది?

తాడిపత్రి నుంచి ఒక తమ్ముడు అడిగింది ఇదీ. వాళ్ళ నాయనకు 54 ఏళ్ళు, బండల లారీ నడుపుతాడు, గురక వీధిలోకి వినిపిస్తుంది. రాత్రి వేలికి ఆక్సిమీటరు పెట్టి చూస్తే ఆక్సిజన్ 95 శాతం నుంచి 80కి దిగి, నిమిషం తిరక్కముందే మళ్ళీ పైకొస్తోంది. తెల్లారేదాకా ఇదే వరస. పగలు చూస్తే 97. "తగ్గినా వెంటనే వస్తోంది కదక్కా, దీనివల్ల నష్టమేంటి? కరోనా అప్పుడు కొన్న ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్ ఇంట్లోనే ఉంది, రాత్రిళ్ళు అది పెడితే సరిపోదా?"

నేను డాక్టర్ని కాను తమ్ముడూ. అనంతపురంలో ఉంటాను, కూడేరు దగ్గర ఒక హైస్కూల్లో జీవశాస్త్రం చెప్తాను. కానీ ఈ జబ్బుతో, అంటే నిద్రలో గొంతు కండరాలు వదులై దారి మూసుకుపోయి ఊపిరి ఆగి ఆగి వచ్చే స్లీప్ అప్నియాతో, ఆరేళ్ళుగా కాపురం చేస్తున్నాను. కాన్సన్‌ట్రేటర్ మాత్రం ఎవరినీ అడక్కుండా పెట్టకండి. ఎందుకో కిందికి వచ్చేసరికి మీకే తెలుస్తుంది.

నాకు మొదట తెలిసింది బస్సులో. కూడేరులో దిగాల్సిన దాన్ని ఉరవకొండ బస్టాండులో కండక్టర్ లేపితే లేచాను. ఆ నెలలో అది మూడోసారి. స్టాఫ్‌రూములో అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. అప్పటికే బీపీకి మూడు మాత్రలు మింగుతున్నా 150 కిందికి దిగేది కాదు. రాత్రికి నాలుగుసార్లు బాత్రూంకి లేచేదాన్ని. షుగరేమో అనుకుని పరీక్ష చేయిస్తే అది అంచు మీద ఉందన్నారు. పొద్దున లేవగానే తల దిమ్ముగా ఉండేది, టీ తాగితే తగ్గేది కాబట్టి టీ అలవాటు అనుకున్నాను. చూపించుకున్న డాక్టరు ముట్లు ఆగే వయసు, టెన్షన్ అని చెప్పి నిద్రమాత్రలు రాశారు. ఆ నెలంత ఘోరమైన నెల నా జన్మలో లేదు. కొన్ని నిద్రమాత్రలు గొంతు కండరాలను ఇంకా వదులు చేస్తాయని తర్వాత తెలిసింది. మద్యం కూడా అంతే, రాత్రి ఒక పెగ్గు వేసుకుంటే నిద్ర బాగా పడుతుందనేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి.

గురక పెడతావా అని నన్ను ఎవరూ అడగలేదు. ఆడమనిషిని ఎవరడుగుతారు? నేనూ సిగ్గుతో చెప్పలేదు. నిజానికి ముట్లు ఆగాక ఈ జబ్బు ఆడవాళ్ళలో బాగా పెరుగుతుంది.

ఆ ఎండాకాలం కరెంటు పోయి అందరం మిద్దె మీద పడుకున్నాం. హాస్టల్ నుంచి వచ్చిన మా పెద్దమ్మాయి ఫోన్‌లో వీడియో తీసింది. గురక, గురక, ఆ తర్వాత చప్పుడే లేదు. పొట్ట ఎగిరెగిరి పడుతోంది, గాలి మాత్రం కదలడం లేదు. ముప్పై ఎనిమిది సెకన్ల తర్వాత నీళ్ళలోంచి తల బయటపెట్టినట్టు ఒక్కసారి గుర్రుమని పీల్చాను. మా ఆయన "గురక ఆగింది కదా, ఇప్పుడు బాగా నిద్రపోతోంది అనుకునేవాణ్ణి" అన్నాడు. ఇరవై ఏళ్ళు పక్కన పడుకున్న మనిషి మాట అది.

బెంగుళూరులో నిద్ర పరీక్ష చేయించుకున్నాం. తలకు, ఛాతీకి, కాళ్ళకు వైర్లు అంటించి పడుకోబెట్టారు. కనీసం 10 సెకన్లు ఊపిరి ఆగితేనో, బాగా తగ్గి దాంతోపాటు ఆక్సిజన్ పడితేనో ఒకటిగా లెక్కేస్తారు. గంటకు 5 లోపు మామూలు, 30 దాటితే తీవ్రం. నాకు 41. ఏడు గంటల నిద్రలో 287 సార్లు. ఆక్సిజన్ అడుగు 74. ఆ గ్రాఫు చూస్తే రంపం పళ్ళలాగే ఉంది. మీ ఇంట్లో ఆక్సిమీటరు చెప్తున్నదీ ఆ రంపాన్నే.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. "వెంటనే వస్తోంది కదా" అన్నారే, చిక్కు ఆ రావడంలోనే ఉంది. మన జిల్లాలో బోరు మోటార్లు ఎలా కాలిపోతాయో మీకు నేను చెప్పాలా? కరెంటు రాత్రంతా లేకపోతే మోటారుకు ఏమీ కాదు, చెనిక్కాయ చేను ఎండుతుంది, అంతే. నిమిషానికోసారి కరెంటు పోతూ వస్తూ ఉంటే మాత్రం ప్రతిసారీ లాగే అధిక కరెంటుకు వైండింగ్ వేడెక్కి కాలుతుంది. లేహ్ 3,500 మీటర్ల ఎత్తున ఉంటుంది, అక్కడ పుట్టి పెరిగినవాళ్ళు తక్కువ ఆక్సిజన్‌కు అలవాటుపడి బతుకుతారు. ఒక మోస్తరు తక్కువ నిలకడగా ఉంటే ఒళ్ళు సర్దుకునే దారి వెతుక్కుంటుంది. మనకు వచ్చినది పడటం, లేవడం, మళ్ళీ పడటం. దీనికి అలవాటుపడే వ్యవధే ఉండదు.

మెడకు రెండు వైపులా, కెరోటిడ్ ధమని చీలే చోట బియ్యపు గింజంత ముద్ద ఒకటి ఉంటుంది. నెత్తుట్లో ఆక్సిజన్ తగ్గితే మొదట పసిగట్టేది అదే. అక్కడి నుంచి ఊపిరికి సంకేతాలు ఎలా పోతాయో చెప్పినందుకు కోర్నీ హేమన్స్‌కు 1938 నోబెల్ బహుమతి వచ్చింది. గొంతు మూసుకుని ఊపిరి ఆగగానే ఈ గింజ మెదడుకు కబురు పంపుతుంది. అడ్రినలిన్ ఉబుకుతుంది, రక్తనాళాలు బిగుసుకుంటాయి, బీపీ ఒక్కసారిగా ఎగురుతుంది, మెదడు అర క్షణం మేలుకుని గొంతు తెరుస్తుంది. పొద్దునకు ఆ మెలకువ ఒక్కటీ గుర్తుండదు. నా లెక్కలో రాత్రికి 287 సార్లు దొంగలు పడ్డారని కేక పెట్టి లేపినట్టు.

పైగా ఆ గింజ రాను రాను సున్నితంగా తయారవుతుంది. పగలు ఆక్సిజన్ 97 ఉన్నా ఆదుర్దాగానే ఉంటుంది. 1992లో అమెరికాలో యూజీన్ ఫ్లెచర్ బృందం ఎలుకలకు రోజుకు 7 గంటలు, 35 రోజులపాటు ఇలా ఆక్సిజన్ తగ్గిస్తూ పెంచుతూ పెట్టారు. ఆ ఎలుకలకు గొంతు మూసుకుపోలేదు, ఒళ్ళూ పెరగలేదు. అయినా ఆ ఏడు గంటలు అయిపోయాక కూడా బీపీ ఎక్కువగానే ఉండిపోయింది. మెడలోని ఆ గింజ నరాలు కత్తిరించిన ఎలుకలకు మాత్రం పెరగలేదు. మూడు మాత్రలకూ నా బీపీ ఎందుకు లొంగలేదో ఇది చదివాకే నాకు అర్థమైంది. మామూలు మనిషికి నిద్రలో బీపీ దిగుతుంది, మనకు ఆ దిగుడే లేదు.

రెండో దెబ్బ ఆక్సిజన్ తిరిగి వచ్చేటప్పుడు పడుతుంది. ఆకలితో ఉన్న కణంలోకి అది ఒక్కసారిగా దూరితే, కొంత భాగం కనబడిన దాన్నల్లా కొరికే ఫ్రీ రాడికల్స్‌గా మారుతుంది. రక్తనాళాల లోపలి పొర దెబ్బతిని, వాటిని వదులుగా ఉంచే నైట్రిక్ ఆక్సైడ్ తగ్గుతుంది. కణాలు ఆక్సిజన్‌ను ఎలా పసిగడతాయో తేల్చినందుకు 2019లో విలియం కేలిన్, పీటర్ రాట్‌క్లిఫ్, గ్రెగ్ సెమెంజాలకు నోబెల్ ఇచ్చారు. వాళ్ళు చెప్పిన, ఆక్సిజన్ తగ్గినప్పుడు కణంలో జన్యువులను పనిలోకి దించే హిఫ్ అనే ప్రోటీన్ కథ ఇక్కడికీ వస్తుంది. చికాగో విశ్వవిద్యాలయంలో నండూరి ప్రభాకర్ బృందం చూసింది ఏమంటే, ఇలా ఆగి ఆగి ఆక్సిజన్ తగ్గినప్పుడు హిఫ్-1 పెరిగి హిఫ్-2 తగ్గుతుంది. అంటే ఫ్రీ రాడికల్స్ నిప్పు రాజేసేది ఎక్కువైంది, నీళ్ళు చల్లేది తక్కువైంది. ఈ ముక్క పదో తరగతి పిల్లలకు చెప్పాలని నాకు ఎంత ఆశో, సిలబస్‌లో లేదు.

మిగతావి ఒక్కొక్కటే దీని వెనకే నడిచొస్తాయి. అడ్రినలిన్ ఎక్కువైతే ఇన్సులిన్ సరిగ్గా పనిచేయదు, నా షుగర్ అంచు మీద కూర్చోవడంలో దీని వాటా కూడా ఉంది. మూసుకున్న గొంతుతో గాలి లాగుతుంటే ఛాతీ లోపల ఒత్తిడి పడిపోయి గుండెలోకి నెత్తురు ఎక్కువ వస్తుంది. ఒంట్లో నీళ్ళు ఎక్కువయ్యాయనుకుని గుండె మూత్రం పోయించే హార్మోన్ వదులుతుంది. నాలుగుసార్లు లేవడం అందుకు. పొద్దున తలనొప్పికి బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) పేరుకోవడం ఒక కారణం. గుండె లయ తప్పడం, పక్షవాతం ఈ జబ్బున్నవాళ్ళలో ఎక్కువ. మతిమరుపు సంగతి చెప్పనే అక్కర్లేదు, హాజరు తీసేటప్పుడు రెండేళ్ళు చదువు చెప్పిన పిల్లవాడి పేరు నోటికి రాలేదు నాకు.

ఇక కాన్సన్‌ట్రేటర్. తలుపు మూసేసి వాకిట్లో ఎన్ని బిందెలు పెడితే మాత్రం నీళ్ళు లోపలికొస్తాయా? గొంతు మూసుకున్నప్పుడు ఆక్సిజన్ పోయే దారే లేదు. మీటరులో అంకె కొంచెం బాగా కనబడొచ్చు, కానీ ఊపిరి ఆగడం ఇంకాస్త సాగి, బొగ్గుపులుసు వాయువు పేరుకోవచ్చు. మీ నాయనకు బీడీ అలవాటో, బండల దుమ్ము పీల్చిన ఊపిరితిత్తులో ఉంటే ఆ ప్రమాదం మరీ ఎక్కువ. అందుకే ఊపిరితిత్తుల డాక్టరు (పల్మనాలజిస్ట్) దగ్గరికే తీసుకెళ్ళండి, నిద్ర పరీక్షతోపాటు ఊపిరితిత్తుల ఊదుడు పరీక్ష కూడా చేయమని అడగండి. ఇంట్లోనే చేసే చిన్న పరీక్ష కిట్లు కూడా ఇప్పుడు వస్తున్నాయి.

నాకు పెట్టింది సీప్యాప్ అనే మిషన్. కోలిన్ సలివన్ అనే ఆస్ట్రేలియా డాక్టరు కనిపెట్టి 1981లో ప్రకటించాడు, మొదట్లో వాక్యూమ్ క్లీనర్ మోటారునే వాడాడట. అది ఆక్సిజన్ ఇవ్వదు, మామూలు గాలినే ఒత్తిడితో ఊది గొంతును తెరిచి ఉంచుతుంది. నలభై వేల పైచిలుకు పోయింది. మొదటి వారం రోజూ నడిరాత్రి పీకి పారేశాను, మాస్కు సైజు మార్చాక కుదురుకుంది. మన ఊరి ఉప్పునీళ్ళు దాని తేమ డబ్బాలో పోయకండి, నాలుగు రోజుల్లో తెల్లటి గార పట్టేస్తుంది, డిస్టిల్డ్ వాటరే పోయాలి. ఇన్వర్టర్ కూడా కావాలి. తలనొప్పి వారంలో పోయింది. బాత్రూం ఒక్కసారికి వచ్చింది. బీపీ మాత్రలు ఆరు నెలలకు రెండయ్యాయి, అదీ డాక్టరే తగ్గించారు. మతి మాత్రం మెల్లగా, పూర్తిగా కాకుండా తిరిగొచ్చింది.

గొప్పలు చెప్పి మభ్యపెట్టను. అప్పటికే గుండె జబ్బో పక్షవాతమో వచ్చినవాళ్ళ మీద చేసిన సేవ్ అనే పెద్ద అధ్యయనం 2016లో వచ్చింది. సీప్యాప్‌తో పగటి నిద్రమత్తు తగ్గింది కానీ గుండెపోట్లు, పక్షవాతాలు తగ్గలేదు. వాళ్ళు రాత్రికి సగటున 3.3 గంటలే పెట్టుకున్నారు. మిషన్ కొని అల్మరాలో పెట్టి ఏం లాభం? బరువు తగ్గితే చాలామందికి ఊపిరి ఆగడమూ తగ్గుతుంది, నేను తొమ్మిది కిలోలు తగ్గాక మిషన్‌లో గాలి ఒత్తిడి తగ్గించారు. వెల్లకిలా కాకుండా పక్కకు తిరిగి పడుకున్నా కొంత మేలు.

ఇదంతా ఒక ఎత్తు తమ్ముడూ, మీ నాయన లారీ ఇంకో ఎత్తు. బెంగుళూరు రోడ్డు మీద రాత్రి డ్యూటీ అంటున్నారు. పరీక్ష అయ్యి చికిత్స మొదలయ్యేదాకా రాత్రి బండి ఎక్కనివ్వకండి, పగలు కూడా ఆవలింతలు వస్తుంటే స్టీరింగ్ వేరేవాళ్ళకి ఇవ్వమనండి. "నాకేం, గుండ్రాయిలా ఉన్నా" అంటారు, నేనూ అదే అన్నాను. ఈ రాత్రే మీరు లేచి కూర్చుని రెండు నిమిషాలు వీడియో తీయండి. పొద్దున ఆయనకు చూపించండి, తర్వాత డాక్టరుకు చూపించండి. మా ఇంట్లో ఎవరు చెప్పినా నమ్మనిదాన్ని నేను ఆ వీడియో చూశాకే పరీక్షకు ఒప్పుకున్నాను.