ఒక్క రాత్రి నిద్ర లేకపోతే శ్వాస కండరాల ఓర్పు తగ్గుతుందా?

తగ్గుతుంది; ఆరోగ్యవంతులలో సైతం ఒక్క రాత్రి పూర్తిగా నిద్ర లేకపోతే, గాలిని లోపలికి పీల్చే కండరాలు అదనపు భారాన్ని తట్టుకోగలిగే సమయం గణనీయంగా పడిపోతుంది. ఇందుకు ప్రధాన కారణం డయాఫ్రం (ఊపిరితిత్తుల కింద ఉండే ప్రధాన శ్వాస కండరం) బలహీనపడటం కాదు, దానిని ప్రయత్నపూర్వకంగా పనిచేయించేందుకు మెదడు పైపొర నుంచి వెలువడే ఆదేశం సన్నగిల్లడం. ఉదాహరణకు, గాలి ప్రవాహానికి అడ్డు కల్పించే పరికరం ద్వారా శ్వాస పీల్చమన్నప్పుడు, నిద్ర లేని వ్యక్తి తొలి శ్వాసలను దాదాపు మామూలు బలంతోనే తీసుకున్నా, బాగా నిద్రపోయిన రోజుకంటే చాలా ముందే ఆపేస్తాడు. ఊపిరితిత్తులే దెబ్బతిన్నాయని చాలామంది అనుకోవడం పొరపాటు. విశ్రాంతిగా ఉన్నప్పుడు శ్వాసను మెదడు కాండం (వెన్నుపాముతో కలిసే మెదడు అడుగుభాగం) తనంతట తానే నడుపుతుంది కనుక ఆరోగ్యవంతులకు ఈ తేడా తెలియదు. వెంటిలేటర్ నుంచి బయటపడుతున్న రోగికి మాత్రం ప్రతి శ్వాసా భారమే కావచ్చు, అందుకే ఐసీయూలో రాత్రివేళ వెలుతురును, శబ్దాన్ని తగ్గించడాన్ని చికిత్సలో భాగంగానే చూడాలి.