అమెరికావాళ్ళకు ప్రభుత్వమంటే అంత అనుమానం ఎందుకు? వలస పాలనకూ దానికీ ఏమిటి సంబంధం?

మీరు అడిగినవి రెండు. “వలస కాలపు అనుభవం అమెరికన్ల ప్రజాస్వామ్య భావాలను ఎలా మలిచింది” అన్న ఎనిమిదో తరగతి వ్యాసంలో, టీ పెట్టెలు సముద్రంలో పారేయడం తప్ప మీ అమ్మాయి చేత ఇంకేం రాయించాలన్నది ఒకటి. మనల్ని ఏలిందీ ఆ ఇంగ్లిషువాళ్ళే కదా, వీళ్ళకు మాత్రమే గవర్నమెంటు అంటే ఇంత అనుమానం ఎందుకన్నది రెండోది. రెండోదాని ముడి విప్పితే మొదటిది దానంతటదే వస్తుంది.

కాలనీ అనగానే మనకు కలెక్టరు, శిస్తు, జప్తు గుర్తొస్తాయి. అట్లాంటిక్ ఒడ్డున 13 కాలనీల్లో స్థిరపడ్డ ఇంగ్లిషువాళ్ళ సంగతి వేరు. నూట యాభై ఏళ్ళు వాళ్ళ ఊళ్ళ వ్యవహారాలు దాదాపుగా వాళ్ళే చూసుకున్నారు. ఆ తర్వాత లండన్ వచ్చి చెయ్యి పెట్టింది. ఎన్నడూ లేనిదాని కోసం పోరాడటం ఒక రకం, చేతిలో ఉన్నదాన్ని లాక్కుంటుంటే తిరగబడటం ఇంకో రకం. వీళ్ళది రెండో రకం. అందుకే వాళ్ళ రాజ్యాంగంలో సగం మళ్ళీ అలా ఎవరూ లాక్కోకుండా బిగించుకున్న తాళాలే.

మొదలు కంపెనీ చార్టర్లలో, అంటే రాజు రాసిచ్చిన అధికార పత్రాల్లో ఉంది. వర్జీనియాను నడిపింది వ్యాపార కంపెనీ. మనుషులు వచ్చి నిలవాలంటే వాళ్ళకూ ఒక మాట ఉండాలని తెలుసుకుని సభ పెట్టించింది. 1619 జూలై 30న జేమ్స్‌టౌన్ చర్చిలో 11 సెటిల్మెంట్ల నుంచి ఇద్దరేసి చొప్పున 22 మంది ప్రతినిధులు వచ్చారు. ఎండకు తాళలేక ఆరు రోజుల్లో ముగించేశారు. అదే వేసవి చివర్లో అదే కాలనీ రేవులో ఇరవై మందికి పైచిలుకు ఆఫ్రికన్లను తెచ్చి అమ్మారు. ఈ రెండు సంగతులూ పక్కపక్కనే రాయించండి, చాలామంది మొదటిది రాసి ఊరుకుంటారు.

మసాచుసెట్స్ కథ ఇంకా తమాషా. 1629 నాటి కంపెనీ చార్టర్‌లో వాటాదారుల సమావేశం ఎక్కడ జరగాలో రాయలేదు. ఆ సందు చూసుకుని 1630లో జాన్ వింత్రప్ బృందం చార్టర్ కాగితాన్నే ఓడలో పెట్టుకుని అమెరికా వచ్చేసింది. జనరల్ కోర్టు అనే వాటాదారుల సభ కాస్తా శాసనసభ అయింది, కంపెనీ గవర్నరు కాలనీ గవర్నరు అయ్యాడు. ఈనాటికీ ఆ రాష్ట్ర శాసనసభ పేరు జనరల్ కోర్టే. ఈస్టిండియా కంపెనీదీ ఇలాంటి రాజ చార్టరే. కాకపోతే దాని వాటాదారులు లండన్‌లో ఉండేవారు, ఏలుబడి కింద పడ్డవాళ్ళు మచిలీపట్నంలో, మద్రాసులో ఉండేవారు. మీ రెండో ప్రశ్నకు సగం జవాబు ఇదే.

ఆ కాగితం మీద వాళ్ళకు అంత గురి కుదరడానికి ఇంకో కారణం కూడా ఉంది. 1684లో లండన్ మసాచుసెట్స్ చార్టర్‌ను కోర్టు ద్వారా రద్దు చేయించింది. 1686లో ఎడ్మండ్ ఆండ్రోస్‌ను గవర్నరుగా పంపి, సభలు తీసేసి, న్యూ ఇంగ్లండ్ (మసాచుసెట్స్, దాని చుట్టుపక్కల) కాలనీలను ఒకే గొడుగు కిందికి తెచ్చింది. ఊరివాళ్ళు కూడి ఊరి సంగతులు తేల్చుకునే టౌన్ మీటింగులను ఏడాదికి ఒక్కసారికి కుదించారు. సభ వెయ్యని పన్ను కట్టేది లేదన్నందుకు ఇప్స్‌విచ్‌లో జాన్ వైజ్ అనే చర్చి పాస్టరుకు 50 పౌండ్ల జరిమానా వేశారు. 1689 ఏప్రిల్ 18న బోస్టన్ జనం ఆండ్రోస్‌ను పట్టుకుని జైల్లో పెట్టారు. ప్రభుత్వం ఇచ్చిన కాగితాన్ని ప్రభుత్వమే చింపేయగలదని ఆ మూడేళ్ళలో వాళ్ళకు అర్థమైంది. 1778లో మసాచుసెట్స్ శాసనసభ తానే రాజ్యాంగం రాసి పెడితే ఊళ్ళు తిప్పికొట్టడం వెనక ఇది కూడా ఉంది. తర్వాత అందుకోసమే ప్రత్యేకంగా ఎన్నుకున్న సభ (కన్వెన్షన్) రాసింది, ఊరూరా మీటింగులు పెట్టి చర్చించారు, 1780లో అమల్లోకి వచ్చింది. ఇప్పటికీ నడుస్తున్నది అదే, సవరణలతో.

ఇక అసలు సంగతికి వస్తాను. గవర్నరు జీతం.

చాలా కాలనీల్లో గవర్నరును రాజు నియమించేవాడు. సభ చేసిన చట్టాన్ని కొట్టేసే అధికారం, సభను రద్దు చేసే అధికారం ఆయనకు ఉన్నాయి. జడ్జీల నియామకంలోనూ పైచెయ్యి ఆయనదే. కాగితం మీద చూస్తే సభకు దిక్కే లేదు. కానీ మసాచుసెట్స్, న్యూయార్క్ లాంటి చోట్ల ఆయన జీతం సభ మంజూరు చేయాలి, అదీ ఏ ఏడాదికి ఆ ఏడాది. పిలక సభ చేతిలో ఉందన్నమాట. 1728లో విలియం బర్నెట్ మసాచుసెట్స్ గవర్నరుగా వచ్చాడు. ఏడాదికి 1000 పౌండ్లు శాశ్వతంగా ఖాయం చేయించుకోమని లండన్ ఆదేశం. సభ డబ్బు ఇవ్వనని అనలేదు. ఈ ఏడాదికి ఇస్తాం తీసుకోండి, శాశ్వతం మాట మాత్రం ఎత్తకండి అంది. ఆయన సభను బోస్టన్ నుంచి సేలంకు, అక్కణ్ణుంచి కేంబ్రిడ్జికి తిప్పాడు. సభ్యులు ప్రయాణాలు చేశారే గాని లొంగలేదు. 1729లో బర్నెట్ చనిపోయాడు, తగాదా అలాగే ఉంది. చివరికి లండనే దిగివచ్చి, తర్వాతి గవర్నరును ఏడాదికేడాది ఇచ్చిందే తీసుకోనిచ్చింది.

వర్జీనియాలో ఈ పిలక దొరకలేదు. అక్కడ 1680లోనే ఎగుమతయ్యే పొగాకు పీపాకు రెండు షిల్లింగుల సుంకం శాశ్వతంగా రాసిచ్చేశారు, గవర్నరు జీతం అందులోంచి వెళ్ళిపోయేది. కాబట్టి “కాలనీలన్నీ” అని ఒకే గాటన కట్టొద్దని అమ్మాయికి చెప్పండి.

ఇప్పుడు టీ దగ్గరికి రండి. 1767లో బ్రిటిష్ పార్లమెంటు చేసిన టౌన్‌షెండ్ చట్టాలు గాజు, సీసం, కాగితం, రంగులు, టీ మీద సుంకం వేశాయి. ఆ డబ్బు దేనికో చట్టంలోనే రాశారు: కాలనీల్లో రక్షణ ఖర్చుకు, కోర్టుల ఖర్చుకు, గవర్నమెంటు ఖర్చుకు. అంటే గవర్నర్ల, జడ్జీల జీతాలు సభల చేతిలోంచి తప్పించి లండన్ ఇస్తుంది. 1770లో మిగతావన్నీ ఎత్తేసి టీ మీద పౌనుకు మూడు పెన్నీలు ఉంచారు. 1772లో మసాచుసెట్స్ పెద్ద కోర్టు జడ్జీలకు జీతం రాజుగారి ఖజానా నుంచేనని తెలిసిన వెంటనే బోస్టన్‌లో మిగతా ఊళ్ళకు కబురు నడిపే ఉత్తర ప్రత్యుత్తరాల కమిటీ పుట్టింది. 1773 టీ చట్టంతో టీ ధర నిజానికి తగ్గింది. అయినా ఆ డిసెంబరు 16న 342 పెట్టెలు నీళ్ళలో పడ్డాయి. “పన్ను మోయలేక తిరగబడ్డారు” అని రాస్తే ఈ సంగతికి అర్థమే లేకుండా పోతుంది. పన్ను చిన్నదే, దాంతో కొనబోయింది మాత్రం గవర్నరునీ జడ్జీనీ.

దీని ముద్ర రాజ్యాంగంలో ఎక్కడుందో వేలు పెట్టి చూపించవచ్చు. జడ్జీలు సత్ప్రవర్తన ఉన్నంతకాలం ఉంటారు, పదవిలో ఉండగా వాళ్ళ జీతం తగ్గించకూడదు. ప్రెసిడెంటు జీతం ఆయన పదవీకాలంలో పెంచకూడదు, తగ్గించకూడదు. చట్టసభ మంజూరు లేకుండా ఖజానా నుంచి పైసా తియ్యకూడదు. సైన్యానికి ఒకేసారి రెండేళ్ళకు మించి డబ్బు ఇవ్వకూడదు. టీవీలో చూసే షట్‌డౌన్ల (డబ్బు మంజూరు కాక ప్రభుత్వ ఆఫీసులు మూతపడటం) వేరు ఇక్కడే ఉంది. గమనించారా, పాత సభల ఎత్తు జీతంతో గవర్నరును ఆడించడం. 1787లో రాజ్యాంగం రాసినవాళ్ళు ఖజానా తాళం సభకే ఉంచి, ఆ ఎత్తును ప్రెసిడెంటు మీద వాడకుండా ఆపారు. తమ తాతల తెలివి కూడా తమకు ప్రమాదమేనని తెలిసినవాళ్ళు.

గవర్నరు అన్న మాటే చూడండి. మనకు గవర్నరంటే ఢిల్లీ పంపేవాడు. 1984 ఆగస్టులో ఎన్టీఆర్ ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేసింది అలాంటి గవర్నరే. అమెరికాలో ప్రతి రాష్ట్రంలోనూ గవర్నరును జనం ఓటేసి ఎన్నుకుంటారు. వలస గవర్నరు కుర్చీని మనం ఉంచుకున్నాం, వాళ్ళు తిప్పి కూర్చోబెట్టారు.

సోదాల సంగతి కూడా దగ్గరగా చూడదగ్గదే. దొంగ సరుకు పట్టుకోవడానికి కస్టమ్స్ అధికారులకు ‘రిట్ ఆఫ్ అసిస్టెన్స్’ అనే పత్రం ఉండేది. అందులో ఇల్లు ఎవరిదో ఉండదు, వెతికే వస్తువు ఏదో ఉండదు. పగటిపూట ఏ గోదాములోకైనా, ఏ ఇంట్లోకైనా దూరొచ్చు. రాజు బతికున్నన్నాళ్ళూ చెల్లుతుంది, చనిపోయాక ఆరు నెలల వరకు. 1760 అక్టోబరులో రెండో జార్జి పోయాడు, పత్రాలు కొత్తగా తీసుకోవాల్సి వచ్చింది. అదే అదనుగా బోస్టన్ వర్తకులు కోర్టుకెక్కారు. 1761 ఫిబ్రవరిలో వాళ్ళ లాయరు జేమ్స్ ఓటిస్ వాదించి ఓడిపోయాడు. కేసు పోయింది గాని వాదన మిగిలింది. రాజ్యాంగానికి నాలుగో సవరణ చదవండి: ప్రమాణం చేసి చెప్పిన తగిన కారణం ఉండాలి, వెతికే చోటు, పట్టుకునే మనుషులు, వస్తువులు విడిగా పేర్కొనాలి. ఆ పత్రంలో లేనివన్నీ ఇందులో ఉన్నాయి.

ప్రాతినిధ్యం గురించి పిల్లలు తరచూ చేసే తప్పు: “పార్లమెంటులో సీట్లు అడిగారు, ఇవ్వలేదు” అని రాయడం. అడగలేదు. 1765లో స్టాంపు చట్టం పేకముక్కల కట్టకు ఒక షిల్లింగు, పాచికల జతకు పది షిల్లింగులు, కోర్టు కాగితాలకు, వార్తాపత్రికలకు వేరే రేట్లలో పన్ను పెట్టింది. కేసు వస్తే జ్యూరీ లేని నౌకాదళ కోర్టులో తేల్చవచ్చంది. ఆ అక్టోబరులో తొమ్మిది కాలనీల ప్రతినిధులు 27 మంది న్యూయార్క్‌లో కూర్చుని, ఇంత దూరం నుంచి పార్లమెంటులో మాకు ప్రాతినిధ్యం సాధ్యం కూడా కాదు, పన్ను వేస్తే మా సభలే వెయ్యాలి అన్నారు. (అదే 1765లో మన ఉత్తర సర్కారులను కంపెనీకి ఇస్తూ మొఘల్ ఫర్మానా వచ్చింది. ఇక్కడివాళ్ళను ఎవరూ అడగలేదు.) పార్లమెంటు సభ్యుడు ఎవరు ఎన్నుకున్నా అందరి తరఫున ఉన్నట్టేనన్నది లండన్ వాదన. మా మధ్య ఉండేవాడే మా మనిషి అన్నది వీళ్ళ మాట. 1980లో ఇందిరా గాంధీ మెదక్ నుంచి గెలిచారు, మనకు అది వింతగా అనిపించలేదు. అక్కడ ఎన్నికనాటికి ఆ రాష్ట్రంలో నివాసం లేనివాడు ప్రతినిధి కాలేడని రాజ్యాంగంలోనే ఉంది.

వ్యాసానికి పని ఇలా చేయించండి. 1776 నాటి స్వాతంత్ర్య ప్రకటనలో రాజు మీద 27 ఫిర్యాదులున్నాయి. వాటిని ఎడమ పక్కన, రాజ్యాంగం, మొదటి పది సవరణలు కుడి పక్కన పెట్టి జతలు కలపమనండి. సభలను రద్దు చేశాడన్న ఫిర్యాదుకు ఎదురుగా, కాంగ్రెస్ (వాళ్ళ పార్లమెంటు) ఏడాదికి ఒక్కసారైనా కూర్చోవాలన్న నియమం దొరుకుతుంది. విచారణకు సముద్రం దాటించడానికి ఎదురుగా, నేరం జరిగిన రాష్ట్రంలోనే విచారణ. ఇళ్ళలో సైనికులకు బస విషయం మూడో సవరణలో ఉంటుంది. నాలుగైదు జతలు చాలు. జత కుదరనివి బలవంతంగా కలపొద్దు, ‘ఇండియన్లను (అక్కడి ఆదివాసులను) మా మీదికి ఉసిగొల్పాడు’ అన్న ఫిర్యాదుకు జత వెతికితే వ్యాసం పక్కదారి పడుతుంది.

అనుమానం మోతాదు మించిన కాలాన్ని కూడా వదలొద్దు. 1776లో పెన్సిల్వేనియా అసలు గవర్నరే లేకుండా, ఒకే సభతో రాజ్యాంగం రాసుకుంది. 1781 నుంచి నడిచిన సమాఖ్య ప్రభుత్వానికి పన్ను వేసే అధికారమే లేదు. దిగుమతులపై 5 శాతం సుంకానికి 13 రాష్ట్రాలూ ఒప్పుకోవాలంటే 1782లో రోడ్ ఐలండ్ ఒక్కటే అడ్డం తిరిగింది, ఆ ప్రతిపాదన అంతటితో సరి. 1787 రాజ్యాంగం రాజు మీద భయంతో పాటు ఈ పదకొండేళ్ళ అనుభవాన్నీ కలుపుకుంది. అప్పుడు కూడా వాళ్ళు నోరారా చెప్పుకున్నది రిపబ్లిక్ అనే, డెమోక్రసీ అన్న మాట ఆ రాజ్యాంగంలో ఒక్కచోట కూడా లేదు.

ఎవరి ప్రజాస్వామ్యం అన్నది చివర్లో రాయించండి, మీరు న్యూజెర్సీలో ఉన్నారు కాబట్టి ఉదాహరణ చేతిలోనే ఉంది. 1776 నాటి ఆ రాష్ట్ర రాజ్యాంగం 50 పౌండ్ల ఆస్తి ఉన్న నివాసులకు ఓటు ఇచ్చింది, మగవాళ్ళని ప్రత్యేకించి అనలేదు. పెళ్ళికాని ఆడవాళ్ళు, భర్త పోయినవాళ్ళు, ఆస్తి ఉన్న నల్లజాతివాళ్ళు కొందరు ఓటేశారు. 1807లో శాసనసభ దాన్ని తెల్ల మగవాళ్ళకు పరిమితం చేసింది. ఇంకా చోటుంటే రోడ్ ఐలండ్ చేర్చండి. 1663లో రాజిచ్చిన చార్టర్‌తో సొంత గవర్నరును తామే ఎన్నుకున్న కాలనీ అది. స్వాతంత్ర్యం వచ్చినా అదే కాగితంతో 1843 దాకా నడిపారు. 1840 నాటికి అక్కడ ఓటుకు 134 డాలర్ల విలువైన భూమి కావాలి, మిల్లు పనివాళ్ళకు అదెక్కడిది? వాళ్ళ ఓటు కోసం నిలబడ్డ థామస్ డోర్ వేరే రాజ్యాంగం రాయించి, 1842లో పోటీ గవర్నరుగా ప్రమాణం చేశాడు. కొత్త రాజ్యాంగం మరుసటి ఏడాది వచ్చింది. డోర్‌కు 1844లో రాజద్రోహం కింద యావజ్జీవం పడింది, ఏడాది తిరిగాక వదిలిపెట్టారు.