డెంగీ జ్వరంలో ఉపవాసం ఉంటే కణాలు వైరస్‌ను తినేస్తాయా?

ప్రశ్న: నా వయసు 34. మూడు రోజులుగా జ్వరం. డెంగీ ఎన్‌ఎస్‌1 పాజిటివ్ వచ్చింది. ఉపవాసం ఉంటే ఆటోఫజీ మొదలై కణాలే వైరస్‌ను తినేస్తాయని ఒక వీడియోలో చూశాను. రెండు రోజులు నీళ్లు మాత్రమే తాగి ఉండొచ్చా?

జవాబు: వద్దండీ. వీడియోలో చెప్పింది సగం నిజమే. మిగతా సగం మీ జ్వరానికి ప్రమాదం.

కణంలో పాడైన ప్రొటీన్లను, అరిగిపోయిన భాగాలను రెండు పొరల సంచిలో చుట్టి, కణంలోని జీర్ణసంచి లాంటి లైసోజోమ్‌లోకి చేర్చి కరిగించడమే ఆటోఫజీ. దీన్ని నడిపే జన్యువులను ఈస్ట్‌లో గుర్తించినందుకు యొషినోరి ఒసుమికి 2016లో నోబెల్ వచ్చింది. దీన్ని కదిలించేది ఆకలి ఒక్కటే కాదు, వైరస్ ప్రొటీన్లు కూడా. వైరస్ తన ప్రొటీన్లను మన కణం చేతే తయారు చేయించుకుంటుంది. అవి కణంలో ప్రొటీన్లు తయారయ్యే చోటైన ఎండోప్లాస్మిక్ రెటిక్యులంలో పేరుకుపోతే ఆ ఒత్తిడికే ఆటోఫజీ మొదలవుతుంది. సిండ్‌బిస్ అనే దోమకాటు వైరస్ విషయంలోనైతే దాని తొడుగు ప్రొటీన్‌ను పీ62 అనే మన ప్రొటీన్ పట్టుకుని నేరుగా ఆ సంచిలోకి చేరుస్తుంది. ఇదంతా అన్నం మానకుండానే జరుగుతుంది.

వైరస్‌లూ ఊరుకోవు. హెర్పిస్ సింప్లెక్స్ తన ఐసీపీ34.5 ప్రొటీన్‌తో, ఆటోఫజీని మొదలుపెట్టే మన ప్రొటీన్ బెక్లిన్-1ను పట్టేసి ఆటోఫజీని మొదట్లోనే ఆపుతుంది. కొవిడ్ వైరస్‌లోని ఓఆర్‌ఎఫ్3ఏ అనే ప్రొటీన్ సంచిని లైసోజోమ్‌తో కలవనివ్వదు. డెంగీ మరీ గడుసుది. ఆటోఫజీ చేతే కణంలోని కొవ్వు బిందువులను కరిగింపజేసి, ఆ శక్తితో తన సంఖ్య పెంచుకుంటుంది. ల్యాబ్‌లో పెంచిన కణాల్లో ఆటోఫజీని అడ్డుకుంటే డెంగీ వైరస్ తగ్గింది కూడా. పోనీ, లైసోజోమ్‌ను మందగింపజేసే మలేరియా మందు క్లోరోక్విన్ వాడదామా అంటే, వియత్నాంలో పెద్దవాళ్లపై చేసిన ట్రయల్‌లో రక్తంలో వైరస్ ఉండే కాలం తగ్గలేదు. ఇక ఎన్ని గంటలు పస్తుంటే మీ కాలేయంలో ఆటోఫజీ ఎంత పెరిగిందో చెప్పే పరీక్ష మామూలు ల్యాబుల్లో లేనే లేదు.

మీకు అసలు గండం ఇప్పటి నుంచే. మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య, జ్వరం తగ్గుతున్న వేళ, రక్తనాళాల నుంచి ప్లాస్మా, అంటే రక్తంలోని ద్రవభాగం, బయటికి కారవచ్చు. ఉత్త నీళ్లే తాగుతూ ఉంటే రక్తంలో సోడియం పడిపోవచ్చు. ఓఆర్‌ఎస్ పెద్ద ప్యాకెట్‌ను మొత్తంగా లీటరు నీటిలో కలిపి కొద్దికొద్దిగా తాగండి. సగం ప్యాకెట్ అంచనాగా వేస్తే ఉప్పు పాళ్లు తప్పుతాయి. గంజి, మజ్జిగ, ఇడ్లీ, ఏది సయిస్తే అది తినండి. కనీసం ఆరు గంటలకోసారి మూత్రం రావాలి. గుండె, కిడ్నీ జబ్బులుంటే ఎంత తాగాలో మీ డాక్టరునే అడగండి.

జ్వరానికి పారాసిటమాల్ 500 లేదా 650 మిల్లీగ్రాములు, ఆరు గంటల తేడాతో, రోజుకు నాలుగు మాత్రలు మించకుండా. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ ముట్టుకోవద్దు, రక్తస్రావం కావచ్చు. రోజూ సీబీపీ (రక్తకణాల పరీక్ష) చేయించండి. అందరూ ప్లేట్‌లెట్లనే చూసి కంగారు పడతారు గానీ, అదే రిపోర్టులో పీసీవీ (రక్తంలో ఎర్రకణాల శాతం) కూడా చూడాలి. అది 40 నుంచి 48కి ఎగబాకితే ప్లాస్మా కారుతున్నట్టే.

ఆగని వాంతులు, తీవ్రమైన కడుపునొప్పి, చిగుళ్ల నుంచి రక్తం, నల్లటి విరేచనం, మగత, చల్లబడిన చేతులు కాళ్లు, వీటిలో ఏది కనిపించినా, జ్వరం లేకపోయినా సరే, తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.