పెండ్లి ఎవరి చేతుల మీదుగా జరిగితే చట్టానికి చెల్లుతుంది?

కర్నూలులో యాభై మందితో, కల్యాణ మండపం జోలికి పోకుండా చెల్లెలి పెండ్లి చేయాలనుకుంటున్నారు. అయ్యవారు లేకుండా మీ చిన్నాయన దగ్గరుండి తాళి కట్టిస్తే చెల్లుతుందా, లేదంటే రిజిస్ట్రార్ ఆఫీసులో సంతకాలు పెడితే సరిపోతుందా అని మీ ప్రశ్న. అమ్మాయికీ అబ్బాయికీ ఏ చట్టం వర్తిస్తుందో ముందు తేల్చుకోండి. ఎవరు చేయించాలన్నది దాన్నిబట్టే తేలుతుంది.

ఇద్దరూ హిందువులైతే 1955 నాటి హిందూ వివాహ చట్టం కిందికి వస్తారు. బౌద్ధులు, జైనులు, సిక్కులు కూడా అందులోనే. పెండ్లి ఫలానా వాళ్లే చేయించాలని ఆ చట్టంలో ఎక్కడా లేదు. అమ్మాయి వైపు ఆచారమో, అబ్బాయి వైపు ఆచారమో, ఏదో ఒకదాని ప్రకారం తంతు జరగాలని మాత్రం 7వ సెక్షన్ చెప్తుంది. బ్రాహ్మణ పురోహితుడు కావచ్చు, వీరశైవులైతే జంగమయ్య కావచ్చు, కులపెద్ద కావచ్చు. మీ ఇండ్లలో పెద్దలే తాళి కట్టించే ఆచారం నిజంగా ఉంటే మీ చిన్నాయన కూడా చేయించవచ్చు. ఆచారం లేకుండా ఖర్చు కోసం ఇప్పుడు కొత్తగా మొదలుపెడితే మాత్రం చిక్కే. రేపు భరణమో ఆస్తో కోర్టుకెక్కితే, అవతలి లాయరు మొదట అడిగేది ఇదే: మీ ఆచారంలో ఉన్న తంతు జరిగిందా, లేదా? మీ ఆచారంలో సప్తపది ఉంటే ఏడో అడుగు వేసినప్పుడే పెండ్లి పూర్తయినట్టు లెక్క.

అందుకే నేను చెప్పేది, ఖర్చు తగ్గించండి గానీ తంతు తగ్గించవద్దు. నిజానికి తంతుకు పెద్దగా ఖర్చు కాదు. బంగారు తాళే ఉండాలని లేదు, పసుపుతాడుకు పసుపుకొమ్ము కట్టి మూడు ముళ్లు వేయించవచ్చు. జీలకర్ర, బెల్లం, తమలపాకులు, తలంబ్రాల బియ్యం, కంకణాలు, బాసికాలు, రెండు దండలు, హోమానికి కాసిన్ని సమిధలు, నెయ్యి. డబ్బు కరిగేది మండపం, డెకరేషన్, భోజనాల దగ్గర. పెండ్లిళ్లు జరిగే గుడి చూసుకుంటే అయ్యవారు అక్కడే ఉంటారు, రసీదు కూడా ఇస్తారు. ఆ రసీదు పారేయకండి, పెండ్లి ఏ తేదీన ఎక్కడ జరిగిందో చెప్పే కాగితం అది. అనంతపురం వైపు వాళ్లకు పెన్నహోబిలం, కడప వాళ్లకు దేవుని కడప ఉన్నాయి. తిరుమల కల్యాణవేదికలో టీటీడీ ఉచితంగా చేయిస్తుంది గానీ అక్కడ తల్లిదండ్రులు ఉండాలి.

ఫొటోల సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు, మూడు ముళ్లు వేసేటప్పుడు, ఏడడుగులు నడిచేటప్పుడు ఇద్దరి ముఖాలూ కనబడేలా ఒక్కొక్కటైనా తీయించండి. ముళ్లు వేసేటప్పుడు చుట్టూ జనం మూగి, ఫొటోలో అబ్బాయి వీపు తప్ప ఏమీ కనబడదు. ఆ ఒక్క నిమిషం ఎదురుగా ఎవరూ నిలబడకుండా చూసే పని ఒకరికి అప్పజెప్పండి.

ఇక రిజిస్ట్రార్ ఆఫీసు. చాలామంది పొరబడేది ఇక్కడే. హిందూ వివాహ చట్టం కింద సబ్‌రిజిస్ట్రార్ పెండ్లి చేయడు, జరిగిన పెండ్లిని పుస్తకంలో రాసుకుంటాడు, అంతే. తంతు జరగకుండా సర్టిఫికెట్ తెచ్చుకుంటే అది పెండ్లి కాదని 2024లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. అలాగని నమోదు మానేయకూడదు. 2002లో మన రాష్ట్రం చేసిన చట్టం ప్రకారం ఏ మతం వాళ్లయినా పెండ్లిని నమోదు చేయించాల్సిందే. శుభలేఖ, పెండ్లి ఫొటోలు, గుడి రసీదు, ఇద్దరి ఆధార్, పదో తరగతి మార్కుల మెమో, పెండ్లికి వచ్చిన ముగ్గురు సాక్షులు వాళ్ల ఆధార్‌లతో సహా సిద్ధంగా ఉండాలి. పని ఆగేది ఎక్కువగా పేర్ల దగ్గరే. మెమోలో ఒక ఇంటిపేరు, ఆధార్‌లో ఇంకొకటి, పుట్టిన తేదీ ఇంకో రకంగా ఉంటాయి. పెండ్లికి నెల ముందే సరిచేయించుకోండి.

తంతు ఏదీ వద్దనుకునేవాళ్లకు, వేరువేరు మతాల వాళ్లకు 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ఉంది. ఇక్కడ పెండ్లి అధికారి సమక్షంలోనే జరగాలి, మన జిల్లాల్లో ఆ పని సబ్‌రిజిస్ట్రార్ చేస్తాడు. ఇద్దరిలో ఒకరైనా నోటీసుకు ముందు 30 రోజులు ఆ జిల్లాలో ఉండి ఉండాలి. నోటీసును ఆఫీసులో అందరికీ కనబడేలా అంటిస్తారు, 30 రోజులు అభ్యంతరాల కోసం ఆగుతారు. వేరే కులమనో, ఇంట్లో ఒప్పుకోలేదనో చెప్తే అది అభ్యంతరం కిందికి రాదు. వయసు, ఇదివరకే పెండ్లయి ఉండడం, మతిస్థిమితం, నిషేధించిన చుట్టరికం, ఇవే చూస్తారు. గడువు దాటాక ముగ్గురు సాక్షుల ముందు, ‘నేను ఫలానా, నిన్ను నా చట్టబద్ధమైన భార్యగా స్వీకరిస్తున్నాను’ అని అబ్బాయి, అలాగే భర్తగా అని అమ్మాయి, తమకు అర్థమయ్యే భాషలో అనాలి. ఆ మాట అనకపోతే మిగతాది ఎంత జరిగినా పెండ్లి పూర్తి కాదు. నోటీసు ఇచ్చిన మూడు నెలల్లోపు ఇదంతా అయిపోవాలి, లేదంటే మళ్లీ మొదటినుంచి నోటీసు.

సీమలో మేనరికాలు ఎక్కువ కాబట్టి ఇది ప్రత్యేకంగా చెప్తున్నా. మేనమామ కూతురు, మేనత్త కూతురు, అక్క కూతురు, వీళ్లంతా ప్రత్యేక వివాహ చట్టంలోని నిషేధ చుట్టరికాల పట్టికలో ఉన్నారు. ఆచారం ఉందని చెప్పినా, దాన్ని ప్రభుత్వం గెజిట్‌లో ప్రకటించి ఉంటేనే ఆ చట్టం ఒప్పుకుంటుంది. హిందూ వివాహ చట్టంలో ఆచారం ఉంటే చాలు. మేనరికమైతే తంతుతోనే చేసుకోండి.

దండలు మార్చుకుని, నాయకుడి ముందో సారు ముందో చేసుకునే ఆదర్శ వివాహాలంటే నాకు గౌరవమే. కానీ అలాంటి పెండ్లికి ప్రత్యేకంగా గుర్తింపునిచ్చే 7ఏ సెక్షన్ హిందూ వివాహ చట్టంలో తమిళనాడు 1967లో చేర్చుకున్నది, మనకు లేదు. ముందు ప్రత్యేక వివాహ చట్టం కింద చేసుకుని, ఆ సాయంత్రం దండల సభ పెట్టుకుంటే ఏ ఇబ్బందీ లేదు.

ఇద్దరిలో ఒకరు క్రైస్తవులైతే గుడిలో తాళి కట్టించవద్దు. హిందువుకూ క్రైస్తవురాలికీ, లేదా క్రైస్తవుడికీ హిందువుకూ జరిగిన పెండ్లి హిందూ వివాహ చట్టం కింద చెల్లదని 2008లో మన రాష్ట్రం నుంచే వెళ్లిన కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. చర్చిలో చేసుకోవచ్చు, 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం ఒకరు క్రైస్తవులైనా వర్తిస్తుంది. ఇక్కడ మాత్రం చేయించేది ఎవరన్నదే ముఖ్యం. సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా), కేథలిక్ సంఘాల్లో అభిషిక్తులైన గురువులకు అధికారం ఉంటుంది. సొంతంగా సంఘం పెట్టుకున్న పాస్టర్‌కైతే ప్రభుత్వం ఇచ్చిన లైసెన్సు ఉండాలి. మొహమాటపడకుండా లైసెన్సు చూపించమని అడగండి, అది లేకుండా పెండ్లి చేయడం నేరం. మామూలుగా ఉదయం 6 నుంచి సాయంత్రం 7 లోపే ఆ పెండ్లి జరగాలి.

ముస్లింలకు నిఖాకు ఖాజీ తప్పనిసరి కాదు. ఒకే మజ్లిస్‌లో, అంటే ఒకే కూర్పులో, సాక్షుల ముందు ప్రతిపాదన, అంగీకారం, మహర్ (పెండ్లికొడుకు పెండ్లికూతురికి ఇచ్చే సొమ్ము) ఉంటే చాలు. అయినా ప్రభుత్వ ఖాజీ చేత చేయిస్తే నిఖానామా, అంటే నిఖా పత్రం, చేతికొస్తుంది, పాస్‌పోర్టు దగ్గర పనికొస్తుంది.

నోటరీ దగ్గర వంద రూపాయల స్టాంపు కాగితం మీద ‘మేమిద్దరం పెండ్లి చేసుకున్నాం’ అని రాయించుకునే వాళ్లున్నారు. దానికి రెండు వేలో మూడు వేలో తీసుకునేవాళ్లూ ఉన్నారు. అది పెండ్లి కాదు, పెండ్లికి రుజువు కూడా కాదు. అలాగే అమ్మాయికి 18, అబ్బాయికి 21 నిండకపోతే ఎవరినీ బతిమాలవద్దు. 2006 నాటి బాల్య వివాహాల నిషేధ చట్టం ప్రకారం చేయించినవాళ్లకు రెండేండ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. అయ్యవారు మెమో అడిగితే తప్పుపట్టకండి.

మీ చెల్లెలు, అబ్బాయి ఇద్దరూ హిందువులే అయితే గుడిలో అయ్యవారితో తంతు చేయించి, ఆ గుడి ఏ సబ్‌రిజిస్ట్రార్ పరిధిలోకి వస్తుందో అక్కడ నమోదు చేయించండి. 2022లో నంద్యాల వేరే జిల్లా అయింది కాబట్టి, మహానంది లాంటి చోట చేసుకుంటే కర్నూలు ఆఫీసుకు పోయి క్యూలో నిలబడవద్దు.