కంప్యూటర్ బ్రాండ్‌పై అభిమానాన్ని మతభక్తితో ఎందుకు పోలుస్తారు?

ఈ పోలిక కేవలం ఎగతాళి కోసం పుట్టినది కాదు. మతానికి చెందిన భాషను కంపెనీలే అరువు తెచ్చుకున్నాయి. 1980లలో ఆపిల్ సంస్థలో గై కవాసాకీ ‘ఇవాంజెలిస్ట్’గా, అంటే సువార్త ప్రచారకుడిగా, పనిచేశారు, సాఫ్ట్‌వేర్ తయారీదారులను ఆ సంస్థ కంప్యూటర్ మెకింతోష్ వైపు తిప్పడం ఆయన బాధ్యత. 1994లో ఇటలీ రచయిత ఉంబెర్టో ఎకో మెకింతోష్‌ను క్యాథలిక్ మార్గంతోనూ, ఆదేశాలు టైపు చేసి నడపాల్సిన మైక్రోసాఫ్ట్ వ్యవస్థ డాస్‌ను ప్రొటెస్టంట్ మార్గంతోనూ సరదాగా పోల్చారు: మొదటిది భక్తుణ్ణి చేయి పట్టుకుని మెట్టుమెట్టుగా నడిపిస్తుంది, రెండవది కష్టమైన నిర్ణయాలను అతనికే వదిలేస్తుంది.

నా దృష్టిలో అసలు సామ్యం ‘మనవాళ్లు, పరాయివాళ్లు’ అనే విభజనలో ఉంది. 1997 ఆగస్టులో బోస్టన్‌లో జరిగిన మ్యాక్‌వరల్డ్ అనే ఆపిల్ అభిమానుల సభలో, ప్రత్యర్థి మైక్రోసాఫ్ట్ తమ సంస్థలో 15 కోట్ల డాలర్ల పెట్టుబడి పెడుతోందని ఆపిల్ సహవ్యవస్థాపకుడు స్టీవ్ జాబ్స్ ప్రకటించి, తెరపై మైక్రోసాఫ్ట్ అధిపతి బిల్ గేట్స్‌ను చూపించినప్పుడు, కష్టాల్లో ఉన్న తమ అభిమాన సంస్థకు అది ఊరటనిచ్చే సొమ్మే అయినా, సభికులలో పలువురు గేలి చేశారు. లాభనష్టాలు మాత్రమే చూసుకునే కొనుగోలుదారు అలా ప్రవర్తించడు. 1998లో ఆపిల్ న్యూటన్ అనే చేతిలో ఇమిడే కంప్యూటర్‌ను నిలిపివేసిన తరువాత కూడా కొందరు వాడుకరులు దానిని విడిచిపెట్టక, విడిభాగాలు సంపాదించుకుంటూ, సాఫ్ట్‌వేర్ తామే రాసుకుంటూ కొనసాగించారు.

అయితే ఒకే బ్రాండ్‌ను అంటిపెట్టుకున్న వారందరూ భక్తులు కారు. కొన్న సాఫ్ట్‌వేర్, దాచుకున్న ఫైళ్లు, చేతికి అలవాటైన కీబోర్డ్ షార్ట్‌కట్‌లు మారనివ్వకపోవడం వల్లనే చాలామంది అక్కడ ఉండిపోతారు. దానిని విశ్వాసం అనడం కన్నా వదిలి వెళ్లలేని ఇబ్బంది అనడమే సబబు.